గింబళి మీద హక్కు ఎవరిది? పుట్టించిన భాషలకు పత్రిక పెట్టాలనుకునే అనంతపురం వాళ్ల ప్రశ్నలు

సినిమా కోసమో నవల కోసమో ఎవరో కూర్చుని పుట్టించిన భాషను, ఆ కథ ముగిశాక కూడా వదలని మనుషులు ఉంటారు. దానికి వ్యాకరణం రాస్తారు, మాటల జాబితా కడతారు, ఒక ప్రత్యయం గురించి నెలలపాటు వాదించుకుంటారు. చివరకు ఒక పత్రిక పెడతారు. టోల్కీన్ తన కథల కోసం అల్లిన ఎల్ఫుల భాషల మీద అమెరికాలో 1971లో ‘పార్మా ఎల్దాలాంబెరాన్’, 1988లో ‘విన్యార్ తెంగ్వార్’ అట్లా పుట్టినవే. రెండూ అభిమానులు నడిపిన పత్రికలే.

మనకు ఆ సరుకు లేదనుకోవద్దు. పింగళి నాగేంద్రరావు పూర్తి భాషను కట్టలేదు గానీ, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’ సినిమాల్లో ఆయన పుట్టించిన మాటలు ఇప్పటికీ మన నోళ్లలో నలుగుతూనే ఉన్నాయి. ఆ మూడు సినిమాలకూ దర్శకుడైన కె.వి.రెడ్డి మన తాడిపత్రి ప్రాంతం వారు. తర్వాత 2015 నాటి ‘బాహుబలి’లో కాలకేయుల కోసం తమిళ రచయిత మదన్ కార్కీ ‘కిలికి’ని కట్టారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో మొదలైన ఆ భాష 2020 ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవం నాడు, 22 గుర్తుల లిపితో జనంలోకి వచ్చింది.

వీటి మీద మూడు నెలలకోసారి పదహారు పేజీలు వేద్దామనుకునే వాళ్లకు అభిమానం కొరత ఉండదు, భయమే ఎక్కువ. ఆ భయంలో సగం అనవసరం. మిగతా సగాన్ని ఉంచుకోవాల్సిన చోట ఉంచుకోవడం లేదు. కింద ఉన్నది దాని గురించే. నోటీసు చేతికి వచ్చినాక మాత్రం దీన్ని పక్కన పెట్టి వకీలు దగ్గరికి పోండి.

మాయాబజార్ మాటలు పత్రికలో వాడుకోవల్లంటే ఎవుర్ని అడగల్ల?

ఎవర్నీ అడగక్కర్లేదు. గింబళి, గిల్పం, తసమదీయులు లాంటి విడి మాటల మీద కాపీరైట్ ఉండదు. 1957 కాపీరైట్ చట్టం కాపాడేది రచనను. ఒక్క మాట రచన కిందికి రాదు. ‘దేశీ బాయ్జ్’ అనే హిందీ సినిమా పేరు మీద వచ్చిన తగాదాలో సుప్రీంకోర్టు 2015లో ఈ సంగతే చెప్పింది: పేరు ఒక్కటే పట్టుకొని కాపీరైట్ ఉందని అడగడం కుదరదని. సినిమా పేరుకే దిక్కు లేనప్పుడు గింబళికి ఎక్కడి నుంచి వస్తుంది?

అట్లాంటి ఒక మాట ఎట్లా పుట్టింది, దేనికి జోడీగా పుట్టింది, ఇప్పుడు రాజకీయ నాయకుల ప్రసంగాల్లో ఏ అర్థంతో తిరుగుతోంది అని మీరు నాలుగు పేజీలు రాస్తే, ఆ నాలుగు పేజీల మీద హక్కు మీది. పింగళి పేరు చెప్పడం చట్టం కోసం కాదు, మన మర్యాద కోసం.

డైలాగులు, పాటలు కూడా అంతేనా?

కాదు. చాలామంది జారేది ఇక్కడే. సినిమా వేరు, సినిమా కోసం రాసిన రాత వేరు. మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన సంవత్సరం దాటాక 60 ఏళ్లు. ‘మాయాబజార్’ 1957 మార్చిలో వచ్చింది కాబట్టి ఆ లెక్క 2017 డిసెంబరుతో ముగిసింది. అందుకని సినిమా ఇప్పుడు ఊరుమ్మడి అయిపోయిందని, సంభాషణలన్నీ పుస్తకంగా వేసేయొచ్చని అంటుంటారు.

సంభాషణలు, పాటలు సాహిత్య రచనలు. వాటి గడువును రచయిత మరణం నుంచి లెక్క కడతారు. పింగళి పోయింది 1971 మే 6న. మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్కపెడితే 2031 డిసెంబరు 31. ఆ హక్కు నిర్మాణ సంస్థ చేతిలో ఉన్నా, వారసుల చేతిలో ఉన్నా ఆ తారీఖు మారదు. ఒక సన్నివేశాన్ని విశ్లేషిస్తూ రెండు మూడు వాక్యాలు ఎత్తి చూపడానికి ఇబ్బంది లేదు (ఎంతవరకు అనేది కింద ఉంది). సన్నివేశం మొత్తం దించి ‘ప్రత్యేక అనుబంధం’ అని వేయాలంటే 2032 దాకా ఆగండి, లేదా లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇదే లెక్క మన జిల్లా రచయితలకూ వర్తిస్తుంది. విద్వాన్ విశ్వం 1987లో పోయారు. ఆయన రాతల మీద హక్కు 2047 చివరిదాకా ఉంటుంది. ‘మనోడే కదా’ అన్న చనువును చట్టం గుర్తించదు.

బొమ్మలు వేసుకోవచ్చా?

సినిమా మీద హక్కులో అందులోని ఏ దృశ్యాన్నైనా ఫొటోగా తీసే హక్కు కూడా ఇమిడి ఉంది. ‘బాహుబలి’ మొదటి భాగం మీద ఆ హక్కు 2075 దాకా నడుస్తుంది. కాబట్టి కాలకేయుడి బొమ్మ అట్టమీద వేయడం తగదు. లోపల వ్యాసానికి ఆధారంగా చిన్నగా వేయడం వేరు సంగతి. ‘మాయాబజార్’కు నలుపు తెలుపు దృశ్యాలు చాలు. 2010లో వచ్చిన రంగుల ప్రతిలోంచి తీసుకుంటే ఆ పని చేసినవాళ్లు వేరే వాదన తెస్తారు. అసలు మన ఊళ్లో బొమ్మలేసే పిల్లలు ఇంతమంది ఉండగా పోస్టరు మీద ఎందుకు పడతారో నాకర్థం కాదు.

కిలికి భాషలో సొంతంగా కథ రాస్తే కేసు ఏస్తారా?

ఇది కొంచెం సేపు కూర్చుని మాట్లాడుకోవాల్సిన ప్రశ్న.

ఆలోచన మీద హక్కు ఉండదని, ఆ ఆలోచనను చెప్పిన తీరు మీదే హక్కు ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో తేల్చింది. భాష అనేది చెప్పడానికి వాడే పద్ధతి. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ, బహువచనం ఎట్లా అన్న సూత్రాలు పద్ధతి కిందికే వస్తాయి. ఆ సూత్రాలను వివరిస్తూ కార్కీ రాసిన పాఠాలు, ఉదాహరణ వాక్యాలు, ఆయన కూర్చిన పదకోశం మాత్రం ఆయన రచనలు. సూత్రం నేర్చుకుని మీ వాక్యం మీరు రాయండి, ఆయన పాఠాన్ని దించకండి.

అమెరికాలో ఈ తగాదా కోర్టు మెట్లెక్కింది. ‘స్టార్ ట్రెక్’ కోసం మార్క్ ఓక్రాండ్ కట్టిన క్లింగాన్ భాషకు 1985లోనే నిఘంటువు వచ్చింది. 1992లో అభిమానులు ఒక సంస్థ పెట్టుకుని ‘హోల్‌కెడ్’ అనే పత్రిక తెచ్చారు. 2015లో పారమౌంట్ సంస్థ, ‘ఆక్సానార్’ అనే అభిమాన సినిమా మీద వేసిన దావాలో తమవని చెప్పుకున్న వాటి జాబితాలో క్లింగాన్ భాషను కూడా చేర్చింది. భాషలు కట్టేవాళ్ల సంఘం ఒకటి 2016లో కోర్టుకు విన్నపం పెట్టింది. అందులో కొన్ని వాక్యాలు క్లింగాన్‌లోనే రాశారు. ఒక భాష ఒకరి సొత్తయితే అందులో తిట్టుకోవడానికి కూడా యజమాని అనుమతి కావాలి కదా అన్నది వాళ్ల వాదన సారం. 2017 జనవరిలో రాజీ కుదిరి, భాష సంగతి తేలకుండానే కేసు ముగిసింది. అందుకని ‘అమెరికా కోర్టు చెప్పేసింది’ అని ఏ వైపు నుంచి ఎవరు అన్నా నమ్మకండి.

దానికంటే నాకు ‘లోగ్లాన్’ కథ ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. 1950ల్లో జేమ్స్ కుక్ బ్రౌన్ తర్కశాస్త్రం ఆధారంగా ఆ భాషను మొదలుపెట్టారు. అభిమానులకూ ఆయనకూ చెడింది. వాళ్లు విడిపోయి, వ్యాకరణం ఉంచుకుని, మాటలన్నిటినీ కొత్తగా పుట్టించి ‘లొజ్బాన్’ అని పేరు పెట్టుకున్నారు. బ్రౌన్ సంస్థ ‘లోగ్లాన్’ అన్న పేరు మీద ట్రేడ్‌మార్కు ఉందని వాదించింది. అది ఒక భాష పేరుగా వాడుకలో పడిపోయిందని, దాని మీద ఒక్కరికే హక్కు ఉండదని 1992లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ మార్కు రద్దును ఖరారు చేసింది. దాన్నిబట్టి మనకు రెండు జాగ్రత్తలు. మాటల జాబితా విషయంలో ఆ అభిమానులే ఎంత భయపడ్డారో చూడండి: వేల మాటలు మళ్లీ పుట్టించుకున్నారు. ఇక పేరు విషయంలో కాపీరైట్ లేకున్నా ట్రేడ్‌మార్కు అనే ఇంకో తలుపు ఉంటుంది. మీ పత్రికకు ‘బాహుబలి’ అన్నది కలిపి పేరు పెట్టకండి. లోపల ఎన్నిసార్లు రాసుకున్నా ఫరవాలేదు.

ఎస్పెరాంతో మీద పత్రిక పెట్టేవాళ్లకు ఈ తలనొప్పులేవీ లేవు. 1887లో దాన్ని ప్రకటించిన జామెన్‌హాఫ్ హక్కులు వదులుకుంటున్నానని మొదటి పుస్తకంలోనే చెప్పేశారు.

వేమన పద్యాలు కిలికిలోకి తర్జుమా చేస్తే?

నిక్షేపంగా చేయండి. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న ఆ మహానుభావుడి పద్యాల మీద ఎవరికీ హక్కు లేదు. మీ తర్జుమా మీద హక్కు మీకే వస్తుంది. ఈమధ్య కాలపు వ్యాఖ్యానాన్ని మాత్రం అందులోకి దించకండి, అది ఆ వ్యాఖ్యాతది. బతికున్న కవి పద్యమైతే తర్జుమాకు అనుమతి కావాలి. అనువాద హక్కు మూల రచయిత హక్కుల్లో ఒకటి. పుట్టించిన భాషలోకి అయినా అనువాదం అనువాదమే.

పదకోశం ఏసుకుంటే ఏమన్నా అయితాదా?

మాటలు ఉమ్మడివి, వాటిని కూర్చిన పుస్తకం ఒకరిది. జాబితాలు, సంకలనాలు కూడా సాహిత్య రచనలేనని చట్టం చెబుతుంది. ఒట్టి కష్టం చాలదు, కూర్పులో కొంత సొంత తెలివి ఉండాలని సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. ఏ మాట తీసుకోవాలి, అర్థాన్ని ఏ మాటల్లో చెప్పాలి, ఏ ఉదాహరణ ఇవ్వాలి అన్న ఎంపికలోనే ఆ తెలివి ఉంటుంది. కార్కీ పదకోశాన్ని అకారాదిగా తిరగేసి పెట్టి, ‘సవరించిన కూర్పు’ అని వేస్తే అది సొంత పని కాదు. సినిమా చూస్తూ మీరే విని, మీరే రాసుకుని, మీ మాటల్లో అర్థం చెబితే అది మీ పదకోశం.

మన యాస మాటల మీద ప్రత్యేక సంచిక తేవాలనే వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. సేద్యం మాటల మీద ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తెచ్చింది. అందులోని మాటలు రైతులవి, ఏ మాటైనా వాడుకోవచ్చు. ఆ మాటలకు ఇచ్చిన అర్థవివరణ మాత్రం ఆ పుస్తకానిది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి కథల్లో కనిపించే కరువు సీమ నుడికారం కూడా అంతే. వేరుశనగ చేలో పుట్టిన మాటను కథలోకి తెచ్చినందువల్ల అది రచయిత సొత్తు కాదు. ఆ మాట ఉన్న పేరా మాత్రం ఆయన సొత్తు.

పిల్లలు బడిలో మాట్లాడుకునే ‘క’ భాష గురించి కూడా ఒకరు అడిగారు. దాన్ని పుట్టించిన వాడెవడో పట్టుకుంటే పత్రికకు అదే పెద్ద వార్త.

పది శాతం దాకా వేసుకోవచ్చంట గదా?

జెరాక్సు షాపుల దగ్గర పుట్టిన చట్టం ఇది. మన కాపీరైట్ చట్టంలో ఏ శాతమూ లేదు. 52వ సెక్షన్‌లో ఉన్నది న్యాయమైన వాడకం: పరిశోధన, సొంత చదువు, విమర్శ, సమీక్ష, వర్తమాన సంఘటనల నివేదన. ఎంత తీసుకున్నారు అన్నదొక్కటే కాదు, దేనికి తీసుకున్నారు, మీరు వేసింది చూసి అసలు పుస్తకం కొనడం మానేస్తారా అన్నది కూడా చూస్తారు. నలభై పేజీల వ్యాసంలో అక్కడక్కడా పది వాక్యాలు సమర్థించుకోవచ్చు. నాలుగు చరణాల పాటను పూర్తిగా వేసి కింద ‘ఆహా’ అని రాస్తే అది విమర్శ కాదు.

ఒక లెక్క చెబుతాను, ఇది చట్టం కాదు, అలవాటు. ఎత్తి రాసిన ప్రతి వాక్యానికీ మీ సొంత వాక్యాలు కనీసం మూడు ఉండాలి. లేకపోతే ఆ వాక్యం అక్కడ ఎందుకుందో అడగండి. అనుమతి సంగతి పక్కన పెట్టినా, అట్లా రాసిన వ్యాసం బాగుంటుంది.

చనిపోయిన రచయిత రాతప్రతి, ఉత్తరాలు మా చేతికొచ్చినాయి. ఏసుకోవచ్చా?

భయపడాల్సిన చోటు ఇదీ. దీన్నెవరూ పట్టించుకోరు.

ఉత్తరం కాగితం అందుకున్న వారిది. అందులోని రాత రాసినవారిది, వారి తర్వాత వారసులది. కాబట్టి ఉత్తరం ఉన్న ఇంటివాళ్లు ‘ఏసుకో నాయనా’ అన్నంత మాత్రాన సరిపోదు. రాసినవారి వారసులు అనాలి.

ఇక రచయిత బతికుండగా అచ్చుకాని రచన అయితే, గడువు ఆయన మరణం నుంచి కాదు, మొదటిసారి అచ్చయిన ఏడాది దాటాక 60 ఏళ్లు. టోల్కీన్ 1973లో పోయారు. ఆయన బతికుండగా వచ్చిన పుస్తకాలు మన దేశంలో 2033 చివరికి ఉమ్మడి అవుతాయి. ఆయన పోయాక 1977లో వచ్చిన ‘సిల్మరిలియన్’కు 2037 చివరిదాకా హక్కు ఉంటుంది. భాషల మీద ఆయన రాసుకున్న చిత్తుకాగితాలు కొన్ని ‘పార్మా’ పత్రిక 1995లో అచ్చు వేసింది, వాటికి 2055 దాకా. అంటే ఒక అభిమాన పత్రిక కొత్త కాగితం అచ్చేసిన ప్రతిసారీ ఒక కొత్త గడియారం తిరగడం మొదలవుతుంది.

ఆ పత్రికలు ఇంతకాలం నిలబడింది ఎట్లాగో చూస్తే మనకూ దారి తెలుస్తుంది. టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ 1990ల్లో తండ్రి భాషా కాగితాల నకళ్లను నలుగురైదుగురు పరిశోధకులకు ఇచ్చి, అచ్చుకు అనుమతించారు. టోల్కీన్ ఎస్టేటు అనుమతితోనే అవి ఆ రెండు పత్రికల్లోనూ వచ్చాయి. ఏళ్లకొద్దీ ఆలస్యం చేస్తున్నారని, కాగితాలు దాచుకున్నారని బయటి అభిమానులు వాళ్లను తిట్టని రోజు లేదు. నిజమే, ఆలస్యం జరిగింది. అయినా తొందరపడి ఎవరో ఒకరు దొంగచాటుగా వేసి ఉంటే ఆ కాగితాల పెట్టె మళ్లీ మూతపడేది, అందులో నాకు సందేహం లేదు.

మన దగ్గర పెట్టెలు లేవా? అనంతపురం, హిందూపురం, గుత్తి ఇళ్లలో అటకల మీద ఎన్ని రాతప్రతులు చెదలు పడుతున్నాయో! ఇంటికి వెళ్లి ముందు అడగాల్సింది అచ్చుకు అనుమతి కాదు, స్కాన్ చేసి ఒక నకలు వాళ్లకూ ఒకటి భద్రంగా మనమూ ఉంచుకోవడానికి. చదువు కోసం ఉంచుకోవడం వేరు, అచ్చు వేయడం వేరు. అచ్చు సంగతి వచ్చినప్పుడు ఒక కాగితం మీద రాయించుకోండి: ఏ రచన, ఏ సంచికలో, ఎన్నిసార్లు, వారసులు ఎవరెవరు. అన్నదమ్ములు ముగ్గురుంటే సంతకాలూ మూడు.

ప్రజలకు తెరిచి ఉండే గ్రంథాలయంలో ఉన్న అముద్రిత రచనకు చట్టం ఒక సడలింపు ఇచ్చింది. రచయిత ఎవరో తెలిసినప్పుడు, ఆయన పోయి 60 ఏళ్లు దాటాక దాన్ని పరిశోధన కోసం, అచ్చు కోసం నకలు తీసుకోవచ్చు.

పైసా లాభం లేకుండా చేస్తే చట్టం ఏమీ అనదంట?

అంటుంది. లాభం లేకపోవడం శిక్షను తగ్గించే కారణం కావచ్చు, తప్పును ఒప్పు చేయదు. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే న్యాయమూర్తి ఆ కనీస శిక్షను తగ్గించొచ్చు. చిన్న పత్రికకు నిజంగా ఎదురయ్యేది జైలు కాదు. ఒక నోటీసు, దాంతోపాటు వచ్చే నిద్రలేమి, ఆగిపోయే తర్వాతి సంచిక.

పత్రికను రిజిస్టర్ చేయల్లంటే యాడికి పోవల్ల?

పప్పూరు రామాచార్యులు అనంతపురంలో 1926లో ‘శ్రీ సాధన’ మొదలుపెట్టినప్పుడు అమల్లో ఉన్నది 1867 నాటి పత్రికల చట్టం. అదే చట్టం మొన్నటిదాకా నడిచింది. 2024 మార్చి 1 నుంచి దాని స్థానంలో 2023 నాటి కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు మేజిస్ట్రేటు ముందు నిలబడి డిక్లరేషన్ ఇవ్వడం లేదు. ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌కు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు, అది జిల్లా అధికారికీ చేరుతుంది. జిల్లా నుంచి అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువు. ప్రింటరు కూడా ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. హిందూపురం, ధర్మవరం, కదిరి వాళ్లు పుట్టపర్తి వైపు చూడాలి. తాడిపత్రి, గుంతకల్లు, రాయదుర్గం, కళ్యాణదుర్గం వాళ్లకు అనంతపురమే. పాత అలవాటుతో చిరునామా తప్పు రాస్తే దరఖాస్తు తిరిగొస్తుంది.

పేరు విషయంలో నియమం: అదే భాషలో దేశంలో ఎక్కడైనా, లేదా మన రాష్ట్రంలో ఏ భాషలోనైనా అలాంటి పేరుతో ఇంకో పత్రిక నమోదై ఉండకూడదు. పుట్టించిన మాటల అభిమానులకు ఇది వరమే. ఎవరికీ తట్టని మాట పుట్టించి పేరు పెట్టుకోండి.

అసలు మాలాంటి పత్రికకు రిజిస్ట్రేషన్ కావల్లనా?

చట్టంలో ‘నియతకాలికం’ అంటే ప్రజా వార్తలు, వాటి మీద వ్యాఖ్యలు ఉన్నది. పుస్తకాన్ని, శాస్త్ర, సాంకేతిక, విద్యా విషయక పత్రికను ఆ నిర్వచనం నుంచి తీసేశారు. గింబళి వ్యుత్పత్తి ప్రజా వార్త కాదు కదా! కాబట్టి కేవలం భాషా పరిశీలన మాత్రమే ఉంటే, మాది విద్యా విషయక పత్రిక అని నిలబడే అవకాశం ఉంది. అయితే మనవాళ్లు రెండో సంచికకే సంపాదకీయంలో ముఖ్యమంత్రి ప్రసంగాన్ని పట్టుకుంటారు. అట్లాంటి కోరిక మీకు ఉంటే మొదటే రిజిస్టర్ చేయించుకోండి. నమోదు లేకుండా నడిపితే జరిమానా 5 లక్షల దాకా పోవచ్చు. ఆపమని ఉత్తర్వు వచ్చాక ఆర్నెల్లయినా ఆపకపోతే జైలు కూడా ఉంది.

మధ్యే మార్గం ఒకటి ఉంది. పత్రిక అనకుండా ఏడాదికి ఒక సంకలనం పుస్తకంగా తేవడం. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. సంచికలుగానే తేవాలంటే ఐఎస్‌ఎస్‌ఎన్ ఢిల్లీలోని నిస్పర్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి దొరుకుతుంది, దానికీ రుసుము లేదు. ఐఎస్‌ఎస్‌ఎన్ వచ్చిందంటే రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు. అది పుస్తకాల బీరువాలో గుర్తుకు పనికొచ్చే అంకె.

అట్టమీద ‘ప్రైవేట్ సర్క్యులేషన్‌కు మాత్రమే’ అని ఏస్తే చాలదా?

చాలదు. మూడు వందల మందికి పోస్టులో పంపి, పుస్తక ప్రదర్శనలో బల్లమీద పెట్టి, దాన్ని ప్రైవేట్ అంటే ఎవరు ఒప్పుకుంటారు? చేసిన పనిని బట్టి చూస్తారు గానీ వేసిన ముద్రను బట్టి కాదు. మన చిన్న పత్రికల చరిత్రలో ఈ ముద్రను ఒక తాయెత్తులా కట్టుకోవడం చూస్తూనే ఉన్నాం.

వ్యాసాలు రాసేవాళ్లకు డబ్బులియ్యం. ఆ వ్యాసాలు మావేనా?

కావు. జీతానికి పనిచేసే ఉద్యోగి రాసినది వేరు, అభిమానంతో పంపినది వేరు. పంపినవారు మీకు ఇచ్చింది ఒకసారి అచ్చు వేసుకునే అనుమతి. హక్కు బదిలీ కావాలంటే సంతకంతో రాత ఉండాలి. ఆ రాతలో కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే పూరిస్తుంది. వేరే ఏమీ రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకుంటే అది చేజారిపోతుంది.

నా సలహా, హక్కు రాయించుకోకండి. ‘ఈ సంచికలో, తర్వాత వచ్చే సంకలనంలో వేసుకోవడానికి ఒప్పుకుంటున్నాను’ అన్న రెండు వాక్యాల చీటీ చాలు. సంకలనం అన్న మాట మాత్రం మరవద్దు. పదేళ్ల తర్వాత అందరి చిరునామాలు వెతకడం అయ్యే పని కాదు.

రచయిత పేరు తీసేయడం, ఆయన పరువు పోయేటట్టు రాతను మార్చడం కుదరదు. 57వ సెక్షన్ ఆ రక్షణను హక్కులు అమ్ముకున్నాక కూడా రచయితకే ఉంచింది. యాసలో వచ్చిన వ్యాసాన్ని ‘శుద్ధి’ చేసే సంపాదకులు దీన్ని ఒకసారి చదవాలి.

కాపీలు ఎవురెవురికి పంపల్ల?

1954 చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకం ఒక్కో ప్రతి నాలుగు గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో పంపాలి: కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా, ముంబై కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. గడువు 30 రోజులు. పంపకపోతే జరిమానా 50 రూపాయలు, పైన పుస్తకం వెల. ఆ యాభై చూసి నవ్వుకుని ఎవరూ పంపరు. పంపండి. చట్టం కోసం కాదు, అనంతపురంలో అచ్చయిన పదహారు పేజీలు వందేళ్ల తర్వాత దొరికేది అక్కడే. జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికీ చట్టం అడగకున్నా ఒక్కోటి ఇవ్వండి.

పోస్టు ఖర్చు సంగతి ముందే లెక్క వేసుకోండి. 2025 మే 1న వచ్చిన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలే గానీ అది పుస్తకాలకు. నిర్ణీత కాలానికి వచ్చే పత్రికలను అందులో తీసుకోరు. పైన చెప్పిన ఏడాది సంకలనం ఆలోచనకు ఇదింకో కారణం.

టీషర్టులు, కప్పులు అమ్మి పత్రిక నడపొచ్చా?

పింగళి మాట ఒక్కటి వేసి అమ్మితే పెద్దగా చిక్కు లేదు. కిలికి లిపి బొమ్మలు, సినిమా పేరు, నటుల మొహాలు వేసి అమ్మితే మీరు అభిమాని కాదు, వ్యాపారి. చందా పెంచుకోండి.

మధ్యలో ఆగిపోతే?

చాలా పత్రికలు ఆగుతాయి. రిజిస్టర్ అయిన పత్రికను ఊరికే ఆపేసి కూర్చోకుండా, ప్రచురణ ఆపామని రిజిస్ట్రార్‌కు తెలపండి. వరసగా వెలువడకపోతే వాళ్లే రద్దు చేయొచ్చు. ఏటా ఇవ్వాల్సిన వివరాల పత్రం ఇవ్వకుండా వదిలేస్తే మొదటిసారి జరిమానా 20 వేల దాకా ఉంది. మిగిలిన చందా వెనక్కి పంపండి. అనుమతి పత్రాలు, వారసుల సంతకాలు, స్కాన్ నకళ్లు ఒక అట్టపెట్టెలో కట్టి, పైన జాబితా అంటించి, ఎవరికి అప్పగిస్తున్నారో రాసి ఇవ్వండి. తర్వాత మొదలుపెట్టే వాళ్లకు మీ పాత సంచికల కంటే ఆ పెట్టెతోనే ఎక్కువ పని ఉంటుంది.